పసరు పిండితే నెత్తురు ఎందుకు ఆగుతుంది?

(బీఫార్మసీ విద్యార్థుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

లోపలికి వస్తూ మీ కాలేజీ ప్రహరీ వారనుంచి ఈ మొక్కను పీక్కొచ్చాను. వెనక వరసవాళ్లకు కనబడుతోందా? పసుపు బొడ్డు, చుట్టూ అయిదారు తెల్లటి రేకులు, గరుకు ఆకు. గడ్డిచామంతి అంటారు, గాయపాకు అంటారు, నల్లారం అంటారు. మేం బొగ్గుతో కలిపి నూరి పలకలకు రుద్దేవాళ్లం కాబట్టి మాకిది పలకాకు. శాస్త్రీయ నామం ట్రైడాక్స్ ప్రొకంబెన్స్. దీని పుట్టిల్లు అమెరికా ఖండాల్లోని ఉష్ణ ప్రాంతం. అంటే ఈ నేలకు వచ్చి అయిదు వందల ఏళ్లు మించదు. పరాయి మొక్కను ఎవరో నలిపి, పుండుకు పూసి, గమనించి, పక్కవాళ్లకు చెప్పారన్నమాట. ఆ గమనింపు మీద నాకు చాలా గౌరవం.

వరికోతల్లో కొడవలి వేలికి తెగితే మా అమ్మ పని ఆపేది కాదు. గట్టు మీద నాలుగాకులు తుంపి, అరచేతిలో నలిపి, పసరు పిండి, పిప్పి కూడా అక్కడే పెట్టి చీర పీలికతో బిగించి కట్టేది. నెత్తురు ఆగేది. నేను చూశాను. కానీ ఆపిందెవరు? పసరా, పిప్పా, బిగించిన పీలికా? చిన్న గాయమైతే ఏమీ చేయకపోయినా కాసేపటికి దానంతటదే ఆగుతుంది కదా! అందుకే ప్రయోగశాల కావాలి.

అక్కడ ఏం చేస్తామో మీకు తెలుసు. సిట్రేట్ కలిపిన రక్తం నుంచి ప్లాస్మా, అంటే కణాలు పోగా మిగిలే ద్రవం, తీస్తాం. సిట్రేట్ కాల్షియాన్ని పట్టేస్తుంది, కాల్షియం లేకపోతే గడ్డ కట్టదు. 37 డిగ్రీల నీటిలో గొట్టం ఉంచి, గడ్డకట్టడాన్ని మొదలుపెట్టించే త్రాంబోప్లాస్టిన్‌నూ, కాల్షియాన్నీ కలిపి స్టాప్‌వాచ్ నొక్కుతాం. మామూలు ప్లాస్మా పన్నెండు, పదమూడు సెకన్లలో గడ్డకడుతుంది. త్రాంబిన్ అనే ఎంజైము వచ్చి, కరిగి ఉన్న ప్రొటీన్ ఫైబ్రినోజన్‌ను ఫైబ్రిన్ పోగులుగా అల్లేస్తుంది.

ఒకసారి నా విద్యార్థిని ఒకమ్మాయి ఆకు కషాయం కలిపి, "సార్, అయిదు సెకన్లే!" అని పరుగెత్తుకొచ్చింది. గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూద్దాం రమ్మన్నాను. అసలు గడ్డ జున్నుముక్కలా ఒకే ముద్దగా ఉంటుంది, గొట్టం వంచితే జారదు, కొక్కెంతో లాగితే పోగు సాగుతుంది. ఈ గొట్టంలో ఉన్నది విరిగిన పాలలా పలుకులు పలుకులుగా ఉంది. త్రాంబోప్లాస్టిన్, కాల్షియం ఏవీ వేయకుండా ఉత్త ప్లాస్మాలో కషాయం పోసి చూడమన్నాను. అదీ విరిగింది. అంటే గడ్డకట్టే క్రమం మొదలే కాలేదు, ఆకులోని వగరు పదార్థాలు, అంటే టానిన్లు, ప్రొటీన్లను ముద్ద చేశాయంతే. తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ తోళ్లను పదును చేసేది ఈ గుణంతోనే. వగరుగా ఉన్న దేన్ని నమిలినా నాలుక పిడచ కట్టేదీ దీనివల్లే. ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. నాకు మాత్రం అది ఆ ఏడాదికల్లా మంచి ప్రయోగం. గాయం పైపొరలో ప్రొటీన్లు అలా బిగుసుకోవడం పనికొచ్చే సంగతే, కాదనను. దాన్ని రక్తం గడ్డకట్టించడం అని మాత్రం రాయకూడదు. కషాయాల మీద ప్రాజెక్టు చేసే ప్రతి ఒక్కరూ ఆ రెండో గొట్టం పెట్టి తీరాలి.

మోతాదు సంగతి ఇంకా విచిత్రం. కంచెకు వేసే అడవి ఆముదం, అదే జట్రోఫా, పాలు చిక్కగా కలిపితే మనిషి రక్తం త్వరగా గడ్డకట్టింది. అవే పాలు నీళ్లు కలిపి పలచన చేస్తే గడ్డకట్టడం ఆలస్యమైంది. నైజీరియా పరిశోధకులు 2003లో ప్రచురించిన ఫలితమిది. ఒకే చెట్టు, ఒకే పాలు! "ఈ మొక్క రక్తం గడ్డకట్టిస్తుంది" అనే వాక్యం ఎంత అసంపూర్ణమో చూడండి.

ఇప్పుడు అమెరికాకు వెళ్దాం. 1920లలో అక్కడా, కెనడాలోనూ కొమ్ములు కోసిన పశువులు, విత్తులు కొట్టిన కోడెలు నెత్తురు ఆగక చనిపోయేవి. మేత స్వీట్ క్లోవర్ గడ్డి. పచ్చిగా మేస్తే ఏమీ కాదు. తడిసి బూజు పట్టిన ఎండుగడ్డి తింటేనే ఈ జబ్బు. 1933 ఫిబ్రవరిలో, మంచు తుపానులో, విస్కాన్సిన్ రైతు ఎడ్ కార్ల్‌సన్ చచ్చిన పెయ్యనూ, బూజుగడ్డినీ, పాలక్యానులో గడ్డకట్టని నెత్తురునూ బండిలో వేసుకుని దాదాపు 300 కిలోమీటర్లు వచ్చి కార్ల్ పాల్ లింక్ అనే జీవరసాయన శాస్త్రజ్ఞుడి తలుపు తట్టాడు. ఆ క్యాను చుట్టూ ఆరేళ్లు పనిచేస్తే 1939లో నెత్తురు గడ్డకట్టనివ్వని ఆ పదార్థం, డైకుమరాల్, స్ఫటికాలుగా దొరికింది. గడ్డిలో ఉండే కుమరిన్‌కు ఈ గుణం లేదు, బూజు దాన్ని మార్చాకే వచ్చింది. ఆ వంశంలోంచే 1948లో ఎలుకల మందుగా వార్ఫరిన్ వచ్చింది, 1954కి మనుషుల్లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందైంది. మన దగ్గర ఎక్కువగా వాడే ఎసిట్రోమ్ మాత్ర దాని చుట్టమే.

ఈ మందులు కాలేయంలో విటమిన్ కె తిరిగి వాడకానికి రాకుండా అడ్డుపడతాయి. ఆ విటమిన్ లేనిదే గడ్డకట్టడానికి కావలసిన నాలుగు కారకాలు, అంటే రక్తంలోని ప్రొటీన్లు, సరిగ్గా తయారుకావు. మరి విటమిన్ కె ఎక్కువగా ఉండేది ఎక్కడ? తోటకూరలో, పాలకూరలో, మునగాకులో.

మా మేనత్తకు చిన్నప్పుడు కీళ్లవాతపు జ్వరం వచ్చి గుండె కవాటం చెడింది. లోహపు కవాటం వేశారు, దాని మీద గడ్డ కట్టకుండా ఇలాంటి మాత్రే రోజూ వేసుకోమన్నారు. ఆమెకు ఐ.ఎన్.ఆర్. 2.5కీ 3.5కీ మధ్య ఉండాలని డాక్టరు చెప్పారు. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే కొలత అది, తగ్గితే త్వరగా గడ్డకడుతోందని అర్థం. ఎవరో చెప్పారని రోజూ రెండు పూటలా మునగాకు పొడి తినడం మొదలుపెట్టింది. నెల తిరిగేసరికి ఐ.ఎన్.ఆర్. 1.6. కవాటం మీద గడ్డ కట్టి, అది మెదడుకు కొట్టుకుపోతే పక్షవాతమే. అంతకుముందు చాలా నెలలు స్థిరంగా ఉన్న మనిషి! మాత్ర ఒక్క పూటా మానలేదు.

వెల్లుల్లితో ఇది రెండోవైపు జరుగుతుంది. అందులోని అజోయిన్ అనే పదార్థం, గాయం దగ్గర గుమిగూడి నెత్తురు ఆపే ప్లేట్‌లెట్ కణాలు ఒకదానికొకటి అంటుకోకుండా చేస్తుంది. పప్పు తాలింపులో రెండు రెబ్బలకు భయం లేదు. సారం తీసిన గుళికలు వాడుతుంటే మాత్రం ఆపరేషన్‌కూ, పన్ను పీకించుకోవడానికీ ముందే డాక్టరుకు చెప్పాలి. బొప్పాయి ఆకు రసం సంగతి మీరు అడుగుతారని తెలుసు. అది ప్లేట్‌లెట్ల లెక్కకు సంబంధించిన మాట. డెంగీలో ప్రాణం తీసేది ఎక్కువగా రక్తనాళాల్లోంచి ప్లాస్మా కారిపోవడం. లెక్క పెరిగిందని ఆసుపత్రికి వెళ్లడం ఆలస్యం చేయొద్దు.

రేపు మీరు మందుల షాపులో కూర్చుంటారు. ఎసిట్రోమ్ చీటీ చేతికి రాగానే, "అమ్మా, ఆకుకూరలు వారానికి ఎన్నిసార్లు వండుకుంటారు? పొడులు, కషాయాలు ఏమైనా తీసుకుంటున్నారా?" అని అడగండి. మా అత్తను డాక్టరు ఆకుకూర మానేయమనలేదు. ఎప్పుడూ తినేంత తినమన్నారు, హఠాత్తుగా పెంచొద్దు, తగ్గించొద్దు అన్నారు. ఇప్పుడు రక్తపరీక్షకు వెళ్లేటప్పుడు ఆమె సంచిలో ఒక చిన్న నోటుబుక్కు ఉంటుంది. ఎడమవైపు మాత్ర, కుడివైపు ఆ రోజు వండిన కూర. మొన్న తిరగేస్తే మంగళవారం పక్కన "తోటకూర పులుసు, ఒక గరిటె" అని రాసి ఉంది.