మౌత్ ఆర్గాన్ మీద బ్లూస్: ఊపిరితో వేసే తాళం

శ్రోతలకు నమస్కారం. 1919 నుంచి సంగీత కళాశాల నడుస్తున్న మన విజయనగరంలో తాళం వేయడం తెలిసిన చేతులకు కొదవ లేదు. అమెరికా నల్లజాతి ప్రజల బ్లూస్ సంగీతాన్ని మౌత్ ఆర్గాన్ మీద పలికించదలచినవారికి ఆ తాళజ్ఞానమే మొదటి ఆసరా అని నా అభిప్రాయం.

బ్లూస్‌లో బాగా వాడుకలో ఉన్న అమరిక పన్నెండు బార్లది; బారు అంటే కొన్ని దెబ్బల చిన్న తాళభాగం. బారుకు నాలుగు దెబ్బల చొప్పున నలభై ఎనిమిది దెబ్బలు, అంటే ఎనిమిది దెబ్బల ఆదితాళంలో సరిగ్గా ఆరు ఆవర్తనాలు (చుట్లు). మొదటి రెండు ఆవర్తనాలూ షడ్జం (స) ఆధారంగా నడుస్తాయి. మూడోది మధ్యమానికి (మ) వెళ్లి, నాలుగోది షడ్జానికి తిరిగివస్తుంది. అయిదోదానిలో మొదటి సగం పంచమానికి (ప), రెండో సగం మధ్యమానికి చెందగా, ఆరోది మళ్లీ షడ్జం మీద నిలుస్తుంది. నడక మాత్రం చాలావరకు తిశ్రం: ప్రతి దెబ్బనూ ‘తకిట’ అని మూడుగా పంచుకుని, నడిమి ‘కి’ని పలకకుండా వదిలేస్తే ఆ ఊపు వస్తుంది.

పది రంధ్రాల సి శ్రుతి మౌత్ ఆర్గాన్ మీద బ్లూస్ వాయించేవారు ఎక్కువగా పాశ్చాత్యులు జి అనే స్వరాన్ని షడ్జంగా తీసుకుంటారు. అప్పుడు ముఖ్యమైన స్వరాలు చాలావరకు గాలి లోపలికి పీల్చినప్పుడే పలుకుతాయి. మూడో రంధ్రంలో పీలుస్తూ నాలుకను కాస్త వెనక్కి, కిందికి దించితే అంతర గాంధారం (పై గ) సాధారణ గాంధారం (కింది గ) వైపు జారుతుంది. బ్లూస్‌కు ప్రాణమైన పలుకు ఆ రెంటి మధ్యనే ఉంటుంది. నాలుగో రంధ్రంలో అలాగే చేస్తే పంచమం ‘ప్రతిమధ్యమం’ అనే పై మధ్యమానికి దిగుతుంది. ఇంతగా పీల్చడంవల్ల ఊపిరితిత్తులు నిండిపోయి లయ తడబడుతుంది కనుక, సందు దొరికినప్పుడల్లా ముక్కుతో గాలి వదలడం అలవాటు చేసుకోవాలి.

అందుకే మొదటి సాధన రైలు నడక. ఒకటి నుంచి నాలుగు రంధ్రాలను కలిపి రెండుసార్లు పీల్చి, రెండుసార్లు ఊదుతూ, ప్యాసింజరు బండి స్టేషను దాటినట్లు నెమ్మదిగా వేగం పెంచాలి. 1920లలో అమెరికాలోని నాష్‌విల్ రేడియోలో మౌత్ ఆర్గాన్ కళాకారుడు డిఫోర్డ్ బెయిలీకి పేరు తెచ్చినది ఈ రైలు అనుకరణే.

కల్పన, అంటే అప్పటికప్పుడు అల్లి వాయించడం, స్వరాలను గుమ్మరించడం కాదు. ఒకటిన్నర బార్ల చిన్న పలుకు ఎంచుకుని, దాన్ని వాయించి, మిగిలిన చోటు ఖాళీగా వదలాలి. మధ్యమం వచ్చినప్పుడు అదే పలుకును మళ్లీ వాయించి, పంచమం దగ్గర దానికి జవాబు చెప్పాలి. మన కల్పనస్వరం ఎడుపుకు (పాట ఎత్తుకునే చోటికి) చేరినట్లే ఇదీ మొదటి బారుకు చేరాలి. పన్నెండో బారు చివర పంచమం మీద ఆపితే తోటివారు మరో చుట్టుకు సిద్ధమవుతారు. షడ్జం మీద నిలిపితే పాట ముగిసిందని తెలుసుకుంటారు.