డ్రాఫ్ట్ అయితే మేజర్ లీగ్‌లో పడ్డట్టేనా?

నమస్కారం అండి. మేజర్ లీగ్ బేస్‌బాల్ అంటే అమెరికాలో అన్నిటికన్నా పై స్థాయి బేస్‌బాల్. డ్రాఫ్ట్ అంటే అందులోని జట్లు రౌండ్ల వారీగా, వంతులేసుకుని కొత్త కుర్రాళ్లను ఎంచుకోవడం. ఏటా జులైలో ఆ డ్రాఫ్ట్ అవగానే ఒకే మాట వినిపిస్తుంది: "వాళ్లబ్బాయిని డ్రాఫ్ట్ చేశారట, ఇంకేం, లైఫ్ సెటిల్!" ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. దీన్ని నమ్మి పదేళ్ల పిల్లాడి చేత పన్నెండు నెలలూ బంతులు వేయించే తల్లిదండ్రులు ఉన్నారు కాబట్టి.

డ్రాఫ్ట్ అవడం సివిల్స్‌లో ప్రిలిమ్స్ పాసవడం లాంటిది. ప్రిలిమ్స్ గట్టెక్కిన కుర్రాణ్ణి ఎవరూ కలెక్టర్ గారూ అని పిలవరు కదా. అసలు పరీక్ష మెయిన్స్. ఇక్కడ ఆ మెయిన్స్ పేరు మైనర్ లీగ్స్, అంటే మేజర్ లీగ్ కింద ఉండే లీగ్‌లు. కింది నుంచి పైకి రూకీ, సింగిల్ ఏ, హై ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ. ఇన్ని మెట్లు, మెట్టు మెట్టుకీ వడపోత. పైన 30 జట్లు, జట్టుకి 26 మంది, అంటే 780 చోట్లు. అవీ ఏటా ఖాళీ అయ్యేవి కావు. కింద చూస్తే 20 రౌండ్ల డ్రాఫ్ట్‌లో ఏటా ఆరువందల మందికి పైగా వస్తారు. డ్రాఫ్ట్‌తో పనిలేకుండా పదహారేళ్లకే సంతకం చేసే డొమినికన్, వెనిజులా పిల్లలు వీళ్లకు అదనం.

ఇంకో సంగతి. ప్రిలిమ్స్ మార్కులు ఫైనల్ లిస్టులో కలపరు. ఇక్కడా అంతే. మైక్ పియాజాని 1988లో 62వ రౌండ్‌లో తీసుకున్నారు. ఇప్పుడు అన్ని రౌండ్లే లేవు. ఆయన 2016లో బేస్‌బాల్ దిగ్గజాలకు దక్కే హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎక్కాడు. 1991 డ్రాఫ్ట్‌లో అందరికన్నా ముందు పేరు పిలిపించుకున్న బ్రయన్ టేలర్ మేజర్ లీగ్‌లో ఒక్క ఆటా ఆడలేదు.

(తెర మీద: 2018, 2021, 2022)

ఇవి కుమార్ రాకర్ అనే పిచర్ (బంతి విసిరే ఆటగాడు) డ్రాఫ్ట్ అయిన సంవత్సరాలు. తల్లి లలిత గారు భారత సంతతి, తండ్రి ట్రేసీ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. ఈ ఒక్క కుర్రాడి కథ తెలిస్తే మొత్తం దారి అర్థమవుతుంది. హైస్కూల్ అయ్యాక 2018లో కొలరాడో జట్టు వాళ్లు 38వ రౌండ్‌లో పిలిచారు. వెళ్లలేదు, వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో చేరాడు. 2019లో డ్యూక్ యూనివర్సిటీ మీద ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా (అంటే ఎవరినీ బంతి కొట్టి బేస్ చేరనివ్వకుండా) 19 స్ట్రైకవుట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని అవుట్ చేయడం) చేశాడు. 2021లో న్యూయార్క్ మెట్స్ జట్టు వాళ్లు పదో పేరుగా పిలిచారు. వైద్య పరీక్షల తర్వాత సంతకం జరగలేదు. ఊహించుకోండి, దేశమంతా చూస్తుండగా పేరు పిలిచి, ఆపైన ఒప్పందం లేదంటే ఆ ఇంట్లో ఎంత టెన్షన్! భుజానికి ఆపరేషన్ చేయించుకున్నాడు, మేజర్ లీగ్ జట్ల కింద లేని ఇండిపెండెంట్ లీగ్‌లో ఆడాడు, 2022లో టెక్సస్ రేంజర్స్ జట్టు వాళ్లు మూడో పేరుగా తీసుకున్నారు. అంటే మూడోసారి ప్రిలిమ్స్ పాసయ్యాడు. మెయిన్స్ ఇంకా అలాగే ఉంది. 2023లో మోచేతికి టామీ జాన్ సర్జరీ. చివరికి 2024 సెప్టెంబర్‌లో మేజర్ లీగ్‌లో మొదటి ఆట. మొదటి డ్రాఫ్ట్ నుంచి ఆరేళ్లు!

ఆ దారిలో ఫ్రిస్కోలోనూ ఆడాడు. రేంజర్స్ డబుల్ ఏ జట్టు అక్కడే ఉంటుంది. డాలస్ వైపు ఉన్న మన వాళ్లు పిల్లల్ని తీసుకెళ్లి ఒక్క ఆటైనా చూపించండి. మైదానంలో ఉన్న ప్రతివాడూ వాళ్ల ఊళ్లో అందరికన్నా బాగా ఆడినవాడే.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది, చెయ్యి. టామీ జాన్ సర్జరీలో మోచేతి లోపలివైపు దెబ్బతిన్న లిగమెంట్ (ఎముకల్ని కలిపి ఉంచే పట్టీ) బదులు ఒంట్లో ఇంకోచోటి టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) తెచ్చి వేస్తారు. కోలుకోవడానికి ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. అందుకే మేజర్ లీగ్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి పిచ్ స్మార్ట్ అని నియమాలు పెట్టాయి. 9, 10 ఏళ్ల పిల్లలు రోజుకి 75 బంతులు దాటకూడదు. 11, 12 ఏళ్లవాళ్లు 85. పద్నాలుగేళ్లు, అంతకన్నా తక్కువ వయసున్న పిల్లాడు ఒక రోజు 66 లేదా అంతకన్నా ఎక్కువ వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి. ఏడాదిలో కనీసం నాలుగు నెలలు బంతి విసరడమే ఆపాలి. రెండు జట్లకు ఆడుతుంటే రెండు చోట్లా వేసినవి కలిపి లెక్కపెట్టాల్సింది మీరే. ఈ కోచ్‌కి ఆ కోచ్ లెక్క తెలియదు. దయచేసి ఒక నోట్‌బుక్ పెట్టుకోండి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. హైస్కూల్ అవగానే డ్రాఫ్ట్‌కి వెళ్లొచ్చు. నాలుగేళ్ల కాలేజీలో చేరితే మూడో ఏడాది అయ్యేదాకా, లేదా 21 ఏళ్లు వచ్చేదాకా ఆగాలి. రెండేళ్ల జూనియర్ కాలేజీకి ఆ నిబంధన లేదు. జీతాలు: 2023 ఒప్పందంలో సింగిల్ ఏ కనీసం ఏడాదికి 26,200 డాలర్లు, ట్రిపుల్ ఏ 35,800. అదే ఏడాది మేజర్ లీగ్ కనీసం 7,20,000. సంతకం చేసినప్పుడు ఇచ్చే బోనస్ వేరు, 20వ రౌండ్ వాడికి అది పెద్దగా ఉండదు. హైస్కూల్ నుంచే వెళ్తుంటే, తర్వాత చదువుకి జట్టు ఎంత ఇస్తుందో ఒప్పందంలో రాయించుకున్నాకే సంతకం పెట్టించండి. షోకేస్‌ల (జట్ల ప్రతినిధుల ముందు ఆడి చూపించే కార్యక్రమాలు) ఖర్చుల గురించి చాలామంది అడిగారు, అది వచ్చే వీడియోలో.