వలస నెలల్లో తప్పిపోయే పాఠాలు

(తెరపై: వెర్నియర్ కాలిపర్ దవడల మధ్య చిన్న ఇనుప ముక్క. స్కేలు గీతలు దగ్గరగా.)

దీన్ని వెర్నియర్ కాలిపర్ అంటారు. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడులో చేరిన విద్యార్థికి ఇది లేనిదే రోజు గడవదు. మిల్లీమీటరును 50 భాగాలు చేస్తే అందులో ఒక్క భాగం, అంటే 0.02 మిల్లీమీటరు తేడాను కూడా దీనితో పట్టుకోవచ్చు. ముందు పెద్ద స్కేలు మీద ఎన్ని మిల్లీమీటర్లు దాటిందో చూడాలి. ఇక్కడ 24. తర్వాత చిన్న స్కేలు మీద ఏ గీత పెద్ద స్కేలు గీతతో సూటిగా కలిసిందో వెతకాలి. ఇక్కడ పదిహేడో గీత. పదిహేడును 0.02తో గుణిస్తే 0.34. కాబట్టి ఈ ముక్క కొలత 24.34 మిల్లీమీటర్లు.

చేతికి ఎంత నేర్పు ఉన్నా, ఆ చుక్క తర్వాతి అంకెల సంగతి తెలియకపోతే ఈ కొలత తీయలేరు. దశాంశాలను బడిలో అయిదు, ఆరు, ఏడు తరగతుల్లో విడతలు విడతలుగా చెబుతారు. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఎందరో పిల్లలు ఏటా కొన్ని నెలలు ఆ తరగతి గదుల్లో ఉండరు. గుంటూరు వైపు మిరప చేలల్లో ఉంటారు.

(తెరపై: కర్నూలు జిల్లా పటం. కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు, ఆదోని, ఆలూరు ఒక్కొక్కటిగా వెలుగుతాయి. అక్కడి నుంచి గుంటూరు వైపు గీత.)

ఎందుకు వెళ్తారు? తుంగభద్ర దిగువ కాలువ ఈ ప్రాంతం గుండానే పారుతుంది. అయినా చాలా పొలాలకు వానే దిక్కు. ఖరీఫ్ పంట చేతికొచ్చినా రాకపోయినా ఆ తర్వాత ఊళ్లో పని ఉండదు. అప్పు మాత్రం ఉంటుంది. సరిగ్గా అప్పుడే గుంటూరు, ప్రకాశం వైపు మిరప కోతలు మొదలవుతాయి. ఇళ్లకు తాళాలు వేసి, బియ్యం మూటలు, గిన్నెలు, చంటిపిల్లలతో కుటుంబాలు బయలుదేరతాయి. చాలాచోట్ల కోతకు కూలి కిలోల లెక్కన ఇస్తారు. కాబట్టి పదకొండేళ్ల చేతులకు కూడా ధర పలుకుతుంది. చేలోకి దిగని పిల్ల ఖాళీగా ఉంటుందని అనుకోకండి. గుడారం దగ్గర చెల్లిని చూసుకుంటుంది, నీళ్లు మోస్తుంది, వంట చేస్తుంది. తల్లి నిశ్చింతగా కోత కోయగలిగేది ఆ పిల్ల వల్లే.

2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతం లోపే. ఆడవాళ్లలో సగం మందికి చదవడం, రాయడం రాదు. ఈ వలసను పక్కన పెట్టి ఆ అంకెలను అర్థం చేసుకోలేం.

(తెరపై: డిసెంబరు, జనవరి క్యాలెండర్ పేజీలు.)

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఎమ్మిగనూరు దగ్గర బనవాసిలో జవహర్ నవోదయ విద్యాలయం ఉంది. హాస్టల్, తిండి, చదువు అన్నీ ఉచితం. కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలకే. పేద రైతుకూలీ బిడ్డకు అంతకంటే మంచి బడి దగ్గర్లో దొరకదు. మరి ఆరో తరగతి ప్రవేశ పరీక్ష ఎప్పుడు? చలికాలంలో. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్‌ఎంఎంఎస్ ఉపకార వేతన పరీక్ష సంగతి చూడండి. ప్రభుత్వ బడిలో చదువుతూ, కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటని పిల్లలు రాయవచ్చు. ఎంపికైతే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. మన రాష్ట్రంలో ఇటీవలి ఏళ్లలో ఈ పరీక్ష డిసెంబరులో జరుగుతోంది.

బడి ఊళ్లోనే ఉంది, పథకం ఉంది, విద్యాహక్కు చట్టం ఉంది. బిడ్డ మాత్రం ఆ రోజు మూడు వందల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. నాకు బాధ కలిగించేది ఇదే. వాళ్లు పరీక్షలో తప్పడం లేదు, పరీక్ష గది దాకా రానే రావడం లేదు.

"పేద పిల్లలకు ఈ చదువులన్నీ ఎందుకండీ, ఏదో ఒక చేతిపని నేర్పిస్తే బతికిపోతారు కదా" అని చాలామంది మంచి మనసుతోనే అంటారు. నేను గట్టిగా కాదంటాను. ఈ పిల్లలకు చేతిపనిలో ఏ లోటూ లేదు. సీడ్ పత్తి, అంటే విత్తనాల కోసం పెంచే పత్తి చేలల్లో క్రాసింగ్ (చేతితో పరాగ సంపర్కం) చేసే ఆడపిల్లలను చూడండి. సాయంత్రం మొగ్గ విప్పి, లోపలి పుప్పొడి తిత్తులను గోటితో ఊడదీస్తారు. పుప్పొడి అంటుకోవలసిన కొస, అంటే కీలాగ్రం, చెదరకూడదు. మర్నాడు పొద్దున్నే మగ పువ్వు తెచ్చి దానికి అద్దుతారు. అంత సున్నితమైన పనితనం ఉన్న చేతులకు కొరవడింది లెక్క, చదువు, చేతిలో ఒక సర్టిఫికెట్. అవి లేనంత కాలం ఆ నేర్పు రోజుకూలీ దాటి పైకి పోదు.

(తెరపై: సాయంత్రం బడి వరండాలో చాపల మీద కూర్చుని చదువుకుంటున్న పిల్లలు.)

అందుకే చేతిపని శిక్షణ ఐటీఐ గేటు దగ్గర మొదలు కాదని నా అభిప్రాయం. అది సీజనల్ హాస్టల్ దగ్గర మొదలవుతుంది. తల్లిదండ్రులు వలస పోయిన నెలల్లో పిల్లలు ఊళ్లోనే, బడిలోనో పక్కనో ఉండి, తిని, చదువుకునే ఏర్పాటు ఇది. సర్వశిక్షా అభియాన్ కాలం నుంచి ఉంది, ఇప్పుడు సమగ్ర శిక్ష కింద నడుస్తుంది. ఇందులో కీలకం ఒక్కటే: సమయం. కుటుంబం బండి ఎక్కకముందే హాస్టల్ తెరవాలి. ఎక్కిన తర్వాత తెరిస్తే, ఎవరి కోసం తెరిచినట్టు? తల్లి కూడా రాత్రి కాపలా ఎవరుంటారో, జ్వరమొస్తే ఎవరు చూస్తారో కళ్లారా చూస్తేనే బిడ్డను వదులుతుంది. వదలకపోతే తప్పు తల్లిది కాదు.

ఎదిగిన ఆడపిల్లల విషయంలో ఈ భయం ఇంకా ఎక్కువ. 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు అందుకే ముఖ్యం. ఆరో తరగతిలో చేరితే ఏడాది పొడవునా అక్కడే ఉండి చదువుకోవచ్చు, వలస బెడద ఉండదు.

ఉగాదికి తిరిగొచ్చిన పిల్లల మాట? విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. పక్క జిల్లా అనంతపురంలో 1969లో మొదలైన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ ఊళ్లలోనే అదనపు బడులు నడిపింది. బడి వేళకు ముందూ తర్వాతా పాఠాలు చెప్పించింది. ఇలాంటిది ప్రతి వలస గ్రామంలో ఉండాలి. నన్నడిగితే కొత్త భవనం కంటే ముందు దీనికే డబ్బు పెట్టాలి.

(తెరపై: ఐటీఐ వర్క్‌షాపు. బెంచివైసులో బిగించిన ఇనుప ముక్కను ఆకురాయితో రుద్దుతున్న చేతులు.)

పునాది నిలబడితే ఆ తర్వాతి దారులు చాలానే ఉన్నాయి. ఐటీఐలో వెల్డర్ ట్రేడుకు ఎనిమిదో తరగతి చాలు, ఏడాది కోర్సు. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్‌లకు పదో తరగతి కావాలి, రెండేళ్లు. పూర్తయ్యాక అప్రెంటిస్‌గా చేరితే పని నేర్చుకుంటూనే స్టైపెండ్ అందుకోవచ్చు. ఇంటర్‌లో ఒకేషనల్ కోర్సులున్నాయి. పదో తరగతి తప్పినవారికి, మధ్యలో మానేసినవారికి ఓపెన్ స్కూల్ ఉంది. బాగా చదివేవారికి కడప జిల్లా ఇడుపులపాయలో 2008లో వచ్చిన ట్రిపుల్ ఐటీ ఉంది. పదో తరగతి మార్కులతోనే సీటిస్తారు. హాస్టల్ వసతి లేని ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకు నాలుగు శాతం అదనంగా కలుపుతారు.

ఈ వీడియో చూస్తున్న తల్లిదండ్రులకు, టీచర్లకు ఒక మాట. దసరా సెలవులు అయిపోగానే పాఠశాల యాజమాన్య కమిటీని కూర్చోబెట్టండి. చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్లే ఉండాలి. ఈ ఏడు ఏ కుటుంబాలు వెళ్తున్నాయో, ఏ పిల్లలు ఆగుతారో పేర్లు రాసి, సీజనల్ హాస్టల్ కావాలని తీర్మానం చేసి మండల విద్యాశాఖాధికారికి (ఎంఈవో) ఇవ్వండి. ఒక కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి. నవోదయ, ఎన్‌ఎంఎంఎస్ దరఖాస్తులు పెట్టిన పిల్లల పేర్ల పక్కన పరీక్ష తేదీ కూడా రాయండి, ఆ రోజు వరకైనా వాళ్లు ఊళ్లో ఉండేలా చూడండి.

బిడ్డను వెంట తీసుకెళ్లక తప్పదంటే, దిగిన ఊళ్లోని ప్రభుత్వ బడికి మొదటి రోజే తీసుకెళ్లండి. టీసీ లేదని పిల్లలను వెనక్కి పంపే అధికారం ఏ హెడ్‌మాస్టరుకూ లేదు. విద్యాహక్కు చట్టం అయిదో సెక్షన్ ఆ మాట స్పష్టంగా చెబుతోంది. ఆ రోజు నుంచే తరగతిలో కూర్చోబెట్టాలి, మధ్యాహ్న భోజనమూ పెట్టాలి.