రోజంతా వానలో సైకిల్: జాకెట్ కంటే మడ్‌గార్డే ముఖ్యం

నమస్తే అండీ. ఇదిగో, ఈ మడ్‌గార్డ్ చూడండి. చివర రబ్బరు ఫ్లాప్ నేలకి బెత్తెడు ఎత్తు దాకా వేలాడుతోంది కదా. మా లాంగ్ ట్రిప్‌లో నాలుగో రోజు నా సైకిల్‌కి ఇది లేదు. ఆ రోజు పొద్దున మొదలైన వాన సాయంత్రం దాకా వదల్లేదు. నేనూ నా ఫ్రెండూ 90 కిలోమీటర్లు తొక్కాం.

ఎదురుగాలి కాబట్టి వాడు నా వెనకే దగ్గరగా వస్తున్నాడు. ముందున్న మనిషి గాలిని అడ్డుకుంటాడు, వెనకవాడికి శ్రమ తగ్గుతుంది. కానీ తడి రోడ్డు మీద నా వెనక చక్రం నీళ్లూ ఇసుకా ఎత్తి సూటిగా వాడి ముఖాన కొడుతోంది. గంట తర్వాత ఆగి చూస్తే కళ్లద్దాల నిండా బురద, పళ్ల మధ్య ఇసుక కరకర. "ఒరేయ్, నాకు వాన పైనుంచి పడట్లేదురా, నీ చక్రంలోంచి పడుతోంది" అన్నాడు. నాకు చాలా బాధేసింది. అక్కడి నుంచి వాడు దూరంగా రావాల్సొచ్చింది, దాంతో వాడికీ ఎదురుగాలి పూర్తిగా తగిలింది.

ఇక జాకెట్. దీని లేబుల్ మీద 10,000 మిల్లీమీటర్లు అని ఉంటుంది. అంటే గుడ్డ మీద అంత ఎత్తు నీటి ఒత్తిడి పడినా లోపలికి దిగదని. నిజంగానే దిగలేదు. కానీ ఎత్తు ఎక్కేటప్పుడు చెమటతో లోపల్నుంచే తడిసిపోయాం. చంకల కింద జిప్పులున్నది తీసుకోండి, అవి తెరిస్తే ఎంతో హాయి.

వాటర్‌ప్రూఫ్ బ్యాగ్‌కి నా వైపు నుంచి పూర్తి మార్కులు. మూతిని మూడు మడతలు చుట్టి బిగిస్తే చుక్క కూడా పోదు. తొందరలో ఒక్క మడతతో వదిలేసిన రెండో బ్యాగ్‌లో మాత్రం సాక్సులన్నీ తడిశాయి.

బ్రేకుల గురించి తప్పకుండా చెప్పాలి. నావి డిస్క్ బ్రేకులు, అంటే చక్రం మధ్యలోని రేకుని పట్టుకునేవి. వాడివి రిమ్ బ్రేకులు, అంటే చక్రం అంచుని (రిమ్‌ని) పట్టుకునేవి. పల్లంలో వాడు నొక్కితే ముందు పట్టు దొరకలేదు. బ్రేకు ప్యాడ్లు రిమ్ మీది నీళ్లు తుడిచాకే పట్టుకుంటాయి, ఈలోపు సైకిల్ ముందుకెళ్లిపోతుంది. ఆ క్షణం నాకు గుండె ఆగినంత పనైంది. రిమ్ బ్రేకులైతే పల్లం రాకముందే మెల్లగా నొక్కుతూ ఆరబెట్టుకోండి. రోడ్డు మీది తెల్ల గీతలు, ఇనప మూతలు కూడా తడిస్తే జారుతాయి, వాటి మీద హ్యాండిల్ తిప్పకండి.

సాయంత్రం ప్యాడ్లలో దిగిన ఇసుకని పిన్నుతో తీశాం. చైన్ గుడ్డతో తుడిచి ఆయిల్ వేశాం. ఎంత అలసిపోయినా ఈ పని చేశాకే పడుకోండి.

ఇంటికొచ్చాక మొదట కొన్నది ఈ మడ్‌గార్డే. మొన్న ఆదివారం మళ్లీ వానలో వెళ్లాం. వాడు నా వెనకే, దగ్గరగా వచ్చాడు. తిరిగి చూస్తే కళ్లద్దాల మీద వాన చుక్కలే ఉన్నాయి, బురద లేదు.