డాక్టర్లు మనసు పెడితే హాస్పిటల్ ఎలా మారుతుంది? మిషిగన్ ఐసీయూల కథ

నమస్తే అండి. హాస్పిటల్‌లో ఏదైనా మార్చాలి అనుకుంటే మామూలుగా జరిగేది ఏంటంటే ఒక సర్క్యులర్ వస్తుంది, ఒక కమిటీ వేస్తారు, అందులో సీనియర్ డాక్టర్ పేరు పెడతారు, ఆయన ఓపీ మధ్యలో వచ్చి సంతకం పెట్టి వెళ్ళిపోతారు. తర్వాత డాక్టర్లు సహకరించట్లేదు అంటారు. నాకైతే ఇది డాక్టర్ల తప్పు అనిపించదు, పిలిచే పద్ధతిలోనే లోపం ఉంది. ఎందుకో అమెరికాలో జరిగిన ఒక విషయం చూస్తే అర్థమవుతుంది.

(స్క్రీన్ మీద: ఐసీయూ బెడ్, మెడ దగ్గర లైన్)

ఐసీయూలో సీరియస్ పేషెంట్‌కి మెడ దగ్గరో ఛాతీ దగ్గరో పెద్ద నరంలోకి ఒక గొట్టం వేస్తారు, దాన్ని సెంట్రల్ లైన్ అంటారు. మందులన్నీ దాన్నుంచే వెళ్తాయి, కానీ దాని వెంట క్రిములు వెళ్ళాయంటే నేరుగా రక్తంలోకే, ప్రాణం మీదికి వస్తుంది. జాన్స్ హాప్కిన్స్ హాస్పిటల్‌లో పీటర్ ప్రోనోవోస్ట్ అనే ఐసీయూ డాక్టర్ 2001లో దీని మీద ఐదే ఐదు పనులు రాసుకున్నారు: చేతులు కడుక్కోవడం, చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిముల్ని చంపే మందుతో తుడవడం, పేషెంట్‌ని మొత్తం స్టెరైల్ షీట్‌తో కప్పి మాస్క్, గౌను, గ్లోవ్స్ వేసుకోవడం, వీలైతే తొడ దగ్గర లైన్ వేయకపోవడం, అవసరం తీరగానే లైన్ తీసేయడం.

ఇవి తెలియని డాక్టర్ ఎవరుంటారు చెప్పండి? కానీ ఒక నెల పాటు నర్సులు గమనిస్తే మూడో వంతు కంటే ఎక్కువ పేషెంట్ల విషయంలో ఏదో ఒకటి మిస్సవుతోంది. సామాను చూస్తే గౌను ఒక చోట, షీట్ ఇంకో చోట, మందు ఇంకో చోట, అర్ధరాత్రి బీపీ పడిపోతున్న పేషెంట్‌ని వదిలేసి ఇవన్నీ ఎవరు వెతుకుతారు? అందుకే అన్నీ ఒకే బండిలో సర్ది పెట్టారు. ఏదైనా స్టెప్ వదిలేస్తే నర్సు ఆపొచ్చు అన్నారు, మేనేజ్‌మెంట్ కూడా నర్సు వెనకే నిలబడింది.

తర్వాత 2003లో మిషిగన్ రాష్ట్రం మొత్తం మొదలుపెట్టారు. నాకు ఇక్కడే అసలు విషయం కనిపిస్తుంది. ప్రతి ఐసీయూలో కనీసం ఒక డాక్టర్, ఒక నర్సు టీమ్ లీడర్లు, అంటే రోజూ ఆ బెడ్ల మధ్య తిరిగేవాళ్ళే, ఎక్కడో ఆఫీసులో కూర్చునేవాళ్ళు కాదు. వాళ్ళ ఇన్ఫెక్షన్ల లెక్క వాళ్ళకే తిరిగి చూపించారు. హాస్పిటల్ పెద్దల్ని కూడా యూనిట్లకి పంపితే చాలా చోట్ల ఆ క్లోర్‌హెక్సిడినే స్టాక్‌లో లేదని బయటపడింది, వాళ్ళ చేతిలో పని కాబట్టి తెప్పించారు. డాక్టర్ అడిగింది వచ్చింది అంటే ఆ డాక్టర్ మళ్ళీ మీటింగ్‌కి వస్తారండి, అది రాకపోతే ఎన్ని మెమోలు ఇచ్చినా రారు.

(స్క్రీన్ మీద: 2.7 నుంచి 0)

2006లో రిజల్ట్ అచ్చయింది. 103 ఐసీయూలు, వెయ్యి లైన్ రోజులకి (ఒక పేషెంట్‌కి ఒక రోజు లైన్ ఉంటే అది ఒక లైన్ రోజు) మీడియన్, అంటే ఐసీయూలన్నీ వరుసగా పెడితే సరిగ్గా మధ్యలో వచ్చే లెక్క, 2.7 ఇన్ఫెక్షన్లు ఉండేది, మూడు నెలల్లో సున్నా అయ్యింది, 18 నెలల దాకా అలాగే నిలబడింది!

ఇదే పని 2009 నుంచి ఇంగ్లాండ్‌లో చేశారు. అక్కడా ఇన్ఫెక్షన్లు తగ్గాయి, కానీ ఇంకా ప్రోగ్రామ్‌లో చేరని ఐసీయూల్లోనూ తగ్గుతూనే ఉన్నాయి, కాబట్టి క్రెడిట్ మొత్తం దానికే ఇవ్వలేం. రీసెర్చ్ వాళ్ళు ఐసీయూల్లో కూర్చుని చూస్తే చాలామందికి ఇది పైనుంచి రుద్దిన గవర్నమెంట్ పని లాగే అనిపించిందని తేలింది. ఆ ఐదు పనులు అక్కడా ఉన్నాయి, 'ఇది మాది' అనే ఫీలింగ్ మాత్రం రాలేదు.

మన దగ్గర కూడా 2017లో కేంద్రం లక్ష్య అని లేబర్ రూమ్‌ల కోసం ప్రోగ్రామ్ తెచ్చింది, అందులో డాక్టర్లు, నర్సులు కలిసి కూర్చునే క్వాలిటీ సర్కిల్ ఉండాలని ఉంది. మంచి ఆలోచనే, కానీ డ్యూటీ దిగాక వచ్చి కూర్చోమంటే ఎవరికి ఓపిక ఉంటుంది? ఆ గంట డ్యూటీలోనే లెక్కపెట్టాలి, రోస్టర్‌లో రాయాలి.

ఈ వీడియో చూస్తున్న సూపరింటెండెంట్లు, అడ్మిన్ వాళ్ళు ఎవరైనా ఉంటే, కొత్త కమిటీ వేసే ముందు రాత్రి డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టర్ దగ్గరికెళ్ళి "రోజూ నువ్వు వెతుక్కునే వస్తువేంటమ్మా" అని అడగండి, అది ఆ వారంలోనే తెప్పించండి, ఆ తర్వాత మీటింగ్‌కి పిలవండి.