టాప్ 10 పాడ్‌కాస్టుల లిస్టు నేనివ్వను

ఈ మధ్య ఏ టీచర్‌తో మాట్లాడినా ఒకటే ప్రశ్న. "క్లాసులో వినిపించడానికి మంచి పాడ్‌కాస్ట్ ఒకటి చెప్పండి." ఏ క్లాసు, ఏ పాఠం, విన్నాక పిల్లలు ఏం చేయాలి? అవేవీ చెప్పరు. మంచిదొకటి చెప్పెయ్యాలి, అంతే. నెట్‌లో వెతికితే టాప్ 10లు, టాప్ 25లు. ఒకరిది చూసి ఒకరు రాసినట్టు అన్నింట్లో అవే పేర్లు.

నా పేచీ ఏంటంటే, ఆ లిస్టులన్నీ షోని ఎంచుకోమంటాయి. క్లాసులో మోగేది షో కాదండీ, ఒక ఎపిసోడ్. ఆ మాటకొస్తే అందులో ఆరేడు నిమిషాల ముక్క.

సరే, ఒక ఉదాహరణ తీసుకుందాం. ముందే చెప్తున్నా, వీడియో అయ్యేదాకా దీన్ని వదలను. క్రాకటోవా.

[స్క్రీన్ మీద: హిందూ మహాసముద్రం మ్యాప్]

1883 ఆగస్టు 27. జావా, సుమత్రా మధ్య సుందా జలసంధిలో క్రాకటోవా అగ్నిపర్వతం బద్దలైంది. ఆ చప్పుడు ఇదిగో, ఇక్కడిదాకా వినిపించింది. మారిషస్ వైపున్న రోడ్రిగ్స్ దీవి. దాదాపు 4,800 కిలోమీటర్ల దూరం. అక్కడి పోలీసు అధికారి తూర్పు నుంచి ఫిరంగుల మోత వినిపిస్తోందని రాసిపెట్టుకున్నాడు.

ఇప్పుడు అగ్నిపర్వతాల పాఠం చెప్తున్న టీచర్‌కి దీని మీద ఎపిసోడ్ దొరికిందనుకోండి. కథేమో చప్పుడు గురించి, పాడ్‌కాస్టేమో చెవితో వినేది. ఇంతకన్నా ఏం కావాలి? నలభై నిమిషాలూ పెట్టేస్తారు. పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. అయిపోయాక "అసలు అగ్నిపర్వతం అక్కడే ఎందుకుంది?" అని అడిగితే ఒక్కరూ చెయ్యెత్తరు.

ఎపిసోడ్‌లో చెప్పే ఉంటారు. భూమి పైపొర పెద్ద పెద్ద పలకలుగా ఉంటుంది, వాటిలో ఒక పలక ఇంకో పలక కిందికి జారుతుంది, లోతుకి వెళ్ళాక దాంట్లోంచి నీరు బయటికొస్తుంది, ఆ నీరు చేరడంతో పైనున్న రాయి తక్కువ వేడికే కరుగుతుంది, కరిగి మాగ్మా అయి పైకొస్తుంది. ఇప్పుడు కళ్ళు మూసుకుని నేను చెప్పింది తిరిగి చెప్పండి చూద్దాం. నీరు ఏ పలకలోంచి వచ్చింది? కరిగింది ఏ రాయి?

పుస్తకమైతే కన్ను దానంతటదే పై లైనుకి వెళ్ళి మళ్ళీ చదువుకుని వస్తుంది. చెవికి ఆ వీల్లేదు. వాక్యం పోయిందంటే పోయినట్టే, దాన్ని అందుకునేలోపే తర్వాతిది వచ్చి మీద పడుతుంది. క్లాసులో అయితే మరీనూ. ప్లే బటన్ పిల్లల చేతిలో ఉండదు కదా.

2010లో డేవిడ్ డేనియల్, విలియం వుడీ ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. ఒకే పాఠ్యాంశాన్ని కొందరు విద్యార్థులు చదివారు, కొందరు పాడ్‌కాస్ట్‌గా విన్నారు. క్విజ్‌లో విన్నవాళ్ళు వెనకబడ్డారు. అయితే పాడ్‌కాస్టులు దండగా? ఆగండి. 2016లో బెత్ రోగోవ్స్కీ బృందం పెద్దవాళ్ళతో ఇలాంటిదే చేసింది. వాళ్ళకిచ్చింది ఒక నిజజీవిత కథ. చదివినవాళ్ళకీ విన్నవాళ్ళకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రెండింటికీ మధ్య మారినవి చాలానే ఉన్నాయి. కానీ నాకు కనిపించే పెద్ద తేడా, మొదటిది పాఠం, రెండోది కథ.

కాబట్టి క్రాకటోవా ఎపిసోడ్ మీరు ముందు పూర్తిగా వినండి. వింటూ కాగితం మధ్యలో గీత గీయండి. ఒకవైపు చెవికి పనికొచ్చేవి: ఆ ఉదయం ఏం జరిగింది, చూసినవాళ్ళు ఏం రాశారు, ఒకదాని తర్వాత ఒకటి ఏమైంది. రెండోవైపు కంటికి కావలసినవి: మ్యాప్, పలకల అడ్డుకోత బొమ్మ, అంకెలు. రెండోవైపే నిండిపోతే ఆ ఎపిసోడ్ వదిలేయండి, ఎన్ని అవార్డులొచ్చినా సరే.

తర్వాత చూడాల్సింది, ఎక్కడ ఆపొచ్చు అని. నేనైతే రోడ్రిగ్స్ దగ్గర ఆపుతాను. శబ్దం సెకనుకి దాదాపు 340 మీటర్లు వెళ్తుంది, 4,800 కిలోమీటర్లకి ఎంతసేపు పడుతుంది? వేయండి లెక్క.

[స్క్రీన్ మీద: 48,00,000 ÷ 340 = సుమారు 14,100 సెకన్లు]

దాదాపు 4 గంటలు! అంటే ఆ అధికారి చెవిన ఆ మోత పడేసరికి సుందా తీరంలో సునామీ ఊళ్ళకి ఊళ్ళని ఊడ్చేసి చాలాసేపైంది. ఈ లెక్క పిల్లలు వేసుకున్నాక వాళ్ళ మొహాలు చూడాలి మీరు. ఈ ఒక్క చోటు కోసం ఆ ఎపిసోడ్ వాడతాను, మిగతా ముప్పై నిమిషాలు వినిపించను.

నిజానిజాల సంగతి. క్రాకటోవాలో 36,000 మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది సునామీ వల్ల. ఏ ఎపిసోడైనా లావాలో మాడిపోయారని చెప్తే అక్కడే కట్టేయండి. అన్నట్టు, 1960ల్లో ఒక హాలీవుడ్ సినిమా క్రాకటోవా జావాకి తూర్పునుందని పేరులోనే పెట్టేసింది. ఉన్నది పడమర! ఖర్చు బాగా పెట్టారు కాబట్టి సరిచూసుకునే ఉంటారని నమ్మకండి.

టీచర్లు తమకోసం వినేది వేరే లెక్క. బీబీసీలో 'ఇన్ అవర్ టైమ్' 1998 నుంచి వస్తోంది. ఒక అంశం, దాని మీద పనిచేసిన ప్రొఫెసర్లు, ఎపిసోడ్ పేజీలో చదవాల్సిన పుస్తకాల పట్టిక. పాఠానికి సిద్ధమవ్వడానికి బంగారం. పద్నాలుగేళ్ళ పిల్లలకి ముక్కాలుగంట వినిపిస్తే శిక్ష. అదే బీబీసీ వాళ్ళ '6 మినిట్ ఇంగ్లిష్' చూడండి, ఆరు నిమిషాలు, కొన్ని కొత్త మాటలు, మాట్లాడిందంతా రాసిపెట్టిన రాతప్రతి (ట్రాన్స్‌క్రిప్ట్). అది నేర్చుకునేవాళ్ళ కోసమే చేసింది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. "మావాడు ఆడిటరీ లెర్నర్ అండీ, వింటేనే ఎక్కుతుంది" అంటారు. 2008లో హెరాల్డ్ పాష్లర్, ఇంకొందరు మనస్తత్వవేత్తలు ఇలాంటి 'నేర్చుకునే శైలుల' మీద వచ్చిన పరిశోధనలు తిరగేసి, ఎవరి శైలికి తగ్గట్టు వాళ్ళకి బోధించాలనడానికి తగిన ఆధారం లేదని తేల్చారు. ఆ మాట మీద పాడ్‌కాస్ట్ ఎంచుకోకండి.

రాతప్రతి లేకపోతే క్లాసుకి వద్దు. సరిగా వినబడని పిల్లలకి అదే దిక్కు, మిగతావాళ్ళకి వెనక్కి చూసుకునే దారి. యాపిల్ పాడ్‌కాస్ట్స్ యాప్ 2024 నుంచి కొన్ని భాషల్లో తనే తయారుచేసి చూపిస్తోంది. పేర్లు మాత్రం ఒకసారి సరిచూసుకోండి. స్పీడు మీరు ఇంట్లో ఎంతైనా పెట్టుకోండి, క్లాసులో మామూలుగానే ఉంచండి.

ఇక ప్రకటనలు. చాలా షోల్లో అవి రికార్డింగ్‌లో ఉండవు, డౌన్‌లోడ్ చేసే సమయానికి అతికిస్తారు. నిన్న మీరు విన్న ప్రకటనే రేపు క్లాసులో వస్తుందని లేదు, పందెం యాప్ ప్రకటన కూడా రావచ్చు. డౌన్‌లోడ్ చేసుకుని, ఆ ఫైలునే విని, ఆ ఫైలునే వినిపించండి.