ఇన్‌స్టాల్ అయింది గానీ రన్ అవ్వట్లేదా? ముందు ఆ ఎర్రర్ లైను చదవండి

[కెమెరా ముందు]

నమస్తే అండీ, గుంటూరు నుంచి మాట్లాడుతున్నాను. లినక్స్‌లో ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేశారు, ఎక్కడా ఆగలేదు. తీరా పేరు కొట్టి ఎంటర్ నొక్కితే నడవట్లేదు. మన కాలేజీ పిల్లలు చాలామంది వెంటనే దాన్ని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. అప్పటికీ కుదరకపోతే ఉబుంటునే మొదటినుంచీ వేస్తారు. దయచేసి అలా చెయ్యకండి. తేడా ఎక్కడుందో టెర్మినల్, అంటే మీరు కమాండ్లు కొట్టే ఆ విండో, ఒక్క ఎర్రర్ లైన్లో చెప్పేస్తుంది.

[స్క్రీన్: కమాండ్ నాట్ ఫౌండ్]

ఫైళ్లలో మాటలు వెతికే రిప్‌గ్రెప్ వేశాం, రిప్‌గ్రెప్ అనే కొట్టాం. దొరకలేదంటోంది. అది ప్యాకేజీ పేరండీ. కమాండ్ మాత్రం ఆర్, జీ, రెండే అక్షరాలు. బ్యాట్ అనే ప్రోగ్రామ్‌ని డెబియన్, ఉబుంటుల్లో బ్యాట్‌క్యాట్ అని పిలవాలి. అందుకే ముందు డీపీకేజీ, హైఫన్, పెద్ద ఎల్, పక్కన ప్యాకేజీ పేరు కొట్టండి. ఏ ఫైలు ఎక్కడ పడిందో మొత్తం చూపిస్తుంది. బిన్ ఫోల్డర్లో ఏముందో చూడండి, మీ కమాండ్ అదే.

పేరు కరెక్టే, అయినా దొరకట్లేదా? ఎకో, డాలర్, పాత్ కొట్టండి, పాత్ అన్నీ పెద్ద అక్షరాల్లో. కోలన్లతో విడదీసిన ఫోల్డర్ల వరస వస్తుంది. మీరు కొట్టిన కమాండ్‌ని అందుకుని నడిపించే ప్రోగ్రామ్‌ని షెల్ అంటారు. అది వెతికేది ఆ ఫోల్డర్లలోనే, ఆ వరసలోనే. కొరియర్ కుర్రాడికి బ్రాడీపేట 2వ లైను, 4వ లైను అని మాత్రమే రాసిచ్చామనుకోండి. మీ ఇల్లు అరండల్‌పేటలో ఉంటే అతను అటు రానే రాడు. పైగా 2వ లైన్లోనే మీ పేరున్న ఇంకో ఇల్లు కనబడితే పార్సిల్ అక్కడే ఇచ్చేసి పోతాడు. కొత్త వెర్షన్ వేసినా పాతదే రన్ అవుతోందంటే ఇదే జరుగుతోంది. టైప్, హైఫన్, ఏ, ఆపైన కమాండ్ పేరు ఇస్తే ఆ పేరుతో ఉన్నవన్నీ వరసలో బయటపడతాయి.

ఉబుంటులో మామూలుగా ఉండే షెల్ బ్యాష్. అది ఒకసారి కనిపెట్టిన చోటుని గుర్తుపెట్టుకుంటుంది కూడా. ప్రోగ్రామ్ వేరే ఫోల్డర్‌కి మారినా పాత చోటుకే వెళ్తుంది. హ్యాష్, హైఫన్, ఆర్ కొడితే మళ్లీ కొత్తగా వెతుకుతుంది.

పైథాన్ ప్రోగ్రామ్‌లు వేసే పిప్ఎక్స్‌తో వేసినవి మీ హోమ్ ఫోల్డర్లో డాట్ లోకల్, స్లాష్, బిన్‌లో పడతాయి. లాగిన్ అయ్యే సమయానికి ఆ ఫోల్డర్ ఉంటేనే ఉబుంటు దాన్ని పాత్‌లో కలుపుతుంది. ఇప్పుడే పుట్టిన ఫోల్డర్ అయితే ఒకసారి లాగవుట్ అయి రండి. ఇంకో టెర్మినల్ విండో తెరిచినంత మాత్రాన సరిపోదు.

[స్క్రీన్: పర్మిషన్ డినైడ్]

ఇక్కడ ఫైలు దొరికింది, నడిపే అనుమతి లేదు. సీహెచ్‌మాడ్, ప్లస్ ఎక్స్, పక్కన ఫైలు పేరు ఇవ్వండి. ప్లస్ ఎక్స్ బదులు 777 మాత్రం వద్దు. సిస్టమ్‌లో ఉన్న ఎవరైనా ఆ ఫైలుని మార్చేసుకోవచ్చని రాసిచ్చినట్టే అవుతుంది. ఎక్స్ ఉన్నా ఇదే ఎర్రర్ వస్తుంటే, ఆ డిస్క్ నోఎగ్జెక్‌తో, అంటే అందులోంచి ఏ ప్రోగ్రామూ నడపకూడదన్న షరతుతో, మౌంట్ అయిందేమో చూడండి.

[స్క్రీన్: నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ]

అందరినీ తికమకపెట్టేది ఇది. ఎల్ఎస్ కొడితే ఫైలు కళ్లెదుటే ఉంటుంది, రన్ చేస్తే లేదంటుంది. లేనిది మీ ఫైలు కాదు, దాన్ని నడిపించాల్సిన ఇంకో ఫైలు. స్క్రిప్ట్‌ని విండోస్‌లో రాసి తెచ్చారనుకోండి. లైను చివర కంటికి కనబడని క్యారేజ్ రిటర్న్ అక్షరం ఒకటి ఉండిపోతుంది. స్క్రిప్ట్‌ని ఏ ప్రోగ్రామ్ నడపాలో చెప్పేది మొదటి లైను. అక్కడ బ్యాష్ అని మనకి కనబడుతుంది గానీ, లినక్స్ లోపలి కెర్నల్ ఆ అక్షరాన్ని కూడా పేరులో కలిపేసి వెతుకుతుంది. ఆ పేరుతో ప్రోగ్రామ్ ఎక్కడుంటుంది? క్యాట్, హైఫన్, పెద్ద ఏ కొట్టి చూడండి, లైను చివర టోపీ గుర్తు, ఎమ్ కనబడతాయి. డాస్‌టుయునిక్స్‌తో ఆ అక్షరాలు పోతాయి. అది స్క్రిప్ట్ కాకుండా బైనరీ, అంటే కంపైల్ అయిన ప్రోగ్రామ్ అయితే, ఫైల్ అనే కమాండ్ పక్కన దాని పేరు ఇవ్వండి. 32 బిట్ అని వస్తే, మీ 64 బిట్ సిస్టమ్‌లో దాన్ని మెమరీలోకి ఎక్కించి మొదలుపెట్టే లోడర్ లేదన్నమాట.

[స్క్రీన్: ఎర్రర్ వైల్ లోడింగ్ షేర్డ్ లైబ్రరీస్]

ప్రోగ్రామ్ మొదలైంది, లైబ్రరీ దగ్గర ఆగింది. చాలా ప్రోగ్రామ్‌లు కలిసి వాడుకునే కోడ్ ఫైలే లైబ్రరీ. ఎల్‌డీడీ, పక్కన ఆ ప్రోగ్రామ్ ఫైలు ఉన్న చోటు కొడితే ఏది లేదో దాని పక్కనే నాట్ ఫౌండ్ అని రాసి ఉంటుంది. మీరే సోర్స్ కోడ్ నుంచి మేక్ ఇన్‌స్టాల్ చేసి ఉంటే చాలాసార్లు సుడో ఎల్‌డీకాన్ఫిగ్‌తో తేలిపోతుంది. వేరే వెర్షన్ లైబ్రరీకి అడిగిన పేరు తగిలించి లింకు పెట్టే చిట్కా ఒకటి చెబుతుంటారు. నేనైతే చెయ్యొద్దంటాను. అప్పటికి నడిచినా తర్వాత ఎక్కడ పడిపోతుందో తెలీదు. ఇంకో జాగ్రత్త: నమ్మకం లేని బైనరీ మీద ఎల్‌డీడీ వాడకండి, కొన్నిసార్లు అది ఆ ప్రోగ్రామ్‌నే నడిపించేస్తుంది. ఆబ్జ్‌డంప్, హైఫన్, పీ వాడండి.

[స్క్రీన్: ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్]

రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ వాడేవాళ్లకి ఇది ఎక్కువ. యూనేమ్, హైఫన్, ఎమ్ కొడితే మీ ప్రాసెసర్ ఏదో చెబుతుంది. అది ఆర్మ్ అయి, మీరు దించింది ఇంటెల్ బిల్డ్, అంటే ఇంటెల్ ప్రాసెసర్ కోసం కంపైల్ చేసింది అయితే ఏ సెట్టింగ్ మార్చీ లాభం లేదు. ఆర్మ్ బిల్డ్ దించుకోండి, లేదా సోర్స్ తెచ్చుకుని ఆ మెషీన్ మీదే కంపైల్ చేసుకోండి.